‘ఎంత ఇస్తారు?’ అని అడిగితే తప్పేముంది, సేబన్ గారూ?

నిక్ సేబన్ గారూ,

2024 మార్చిలో మీరు వాషింగ్టన్ వెళ్లారు. కాలేజీ ఆటల మీద సెనెటర్ టెడ్ క్రూజ్ ఏర్పాటు చేసిన చర్చ అది. అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌గా మీరు రిటైరై అప్పటికి రెండు నెలలు. ఆ రోజు మీ శ్రీమతి టెర్రీ గారి మాట ఒకటి చెప్పారు. ఇంకా ఎందుకు మనకీ పని, నువ్వు తమని ఎంత బాగా తయారుచేస్తావన్నది ఈ పిల్లలకి అక్కర్లేదు, ఎంత ఇస్తావన్నదే కావాలి అని ఆమె అన్నారట. యాభై ఏళ్లుగా మీరు నమ్ముకున్నవేవీ కాలేజీ ఆటల్లో ఇప్పుడు మిగల్లేదని కూడా మీరన్నారు.

మీ బాధ అర్థమైంది. కానీ ఆ ‘ఎంత ఇస్తావు’ దగ్గర నాకు మీతో పేచీ ఉంది. మీదాకా ఈ ఉత్తరం చేరుతుందో లేదో తెలీదు గానీ, ఈ దేశంలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లు, ఇండియాలో పిల్లల్ని కోచింగుల్లో వేస్తున్న తెలుగువాళ్లు చదివినా నాకు చాలు.

నాది ఇల్లందు. సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైన ఊరు. మా తాత బాయిలో పనిచేశాడు, నాన్న కూడా. మా వైపు గనిని బాయి అంటారు. నేను కంప్యూటర్ ఉద్యోగం పట్టుకుని బర్మింగ్‌హామ్ చేరాను. ఇదీ బొగ్గు, ఇనుము కలిసి పుట్టించిన ఊరే. అలబామాకి కొత్తగా వచ్చినవాణ్ణి ఇక్కడివాళ్లు పేరు తర్వాత అడిగే ప్రశ్న ఒకటే: అలబామానా, ఆబర్నా? రెండూ ఇక్కడి కాలేజీ ఫుట్‌బాల్ టీములు. ఏదో ఒకటి చెప్పి తీరాలి, రెండూ కాదంటే కుదరదు. మా తెలుగు సంఘం వాళ్లు దీపావళి వేడుకకి హాలు మాట్లాడేముందు పంచాంగం కంటే ముందు మీ మ్యాచ్‌ల పట్టిక చూసుకుంటారు. ఒక ఏడాది చూసుకోలేదు. వందల మందికి వండిన పులిహోర మిగిలిపోయింది.

ఇల్లందులో ఉన్న నా మేనల్లుడికి ఈ ఆట సంగతి చెప్పాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. మామయ్యా, చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అంటారేంటి అంటాడు. వాడికి నేను చెప్పేది ఇంతే. ఆడేది కాలేజీ కుర్రాళ్లు. చూడ్డానికి వచ్చేది లక్ష మంది. టస్కలూసాలోని బ్రయంట్-డెన్నీ స్టేడియంలో సీట్లే లక్ష దాటతాయి, ఇప్పుడు ఆ మైదానానికి మీ పేరు పెట్టారు. 2021 దాకా ఆ కుర్రాళ్లకి ఇచ్చింది చదువు, వసతి, తిండి, పైఖర్చుకి కొద్దిగా డబ్బు. వాళ్ల కోచ్‌కి మాత్రం రాష్ట్రంలో ప్రభుత్వ జీతం తీసుకునే వాళ్లందరిలోకీ పెద్ద జీతం. ఇక్కడికి రాగానే వాడు కూడా ఆగి, మరి ఆ పిల్లలు ఊరుకున్నారా అని అడుగుతాడు.

మీ కథలో నాకు బాగా ఇష్టమైన భాగం కప్పులు, ట్రోఫీలు కావు. పెట్రోలు బంకు. వెస్ట్ వర్జీనియాలో మొనొంగా దగ్గర మీ నాన్నగారికి బంకు ఉండేది. అక్కడే మీరు చిన్నప్పుడు కార్లు కడిగేవారు. ఎక్కడైనా ఒక్క చార కనిపిస్తే ఆయన కారు మొత్తం మళ్లీ కడిగించేవారు. నల్ల కార్లన్నా, ముదురు నీలం కార్లన్నా మీకు అందుకే ఒళ్లుమంట, వాటి మీద చారలు ఇట్టే కనబడతాయి. ఊళ్లో పిల్లల టీముకి ఆయనే కోచ్. టీము పేరు బ్లాక్ డైమండ్స్. నల్ల వజ్రాలంటే బొగ్గు. మా సింగరేణి బొగ్గునీ నల్ల బంగారం అంటారు. బొగ్గు తవ్వే చోట ఎవరికైనా ఇలాంటి పేర్లే తోస్తాయేమో.

ఎనిమిదో తరగతిలో మీకు సంగీతంలో డీ గ్రేడు వచ్చింది. నలుగురి ముందు నిలబడి పాడ్డానికి సిగ్గుపడ్డారు, అంతే. నాన్నగారు మీ చేత బాస్కెట్‌బాల్ యూనిఫారం తిరిగి ఇప్పించి, మిమ్మల్ని గనిలోకి తీసుకెళ్లారు. కొన్ని వందల అడుగుల కిందికి. చదవకపోతే బతుకు ఇక్కడే, ఇదే కావాలా అని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే మాట, ఇదే గొంతు. మా నాన్న నన్ను కిందికి తీసుకెళ్లలేదు గానీ, షిఫ్టు దిగొచ్చాక మూతి తుడుచుకున్న తువ్వాలు నా పుస్తకం పక్కన పెట్టేవాడు. ఇంకేం అనేవాడు కాదు.

మీ ఊరి గనిలో 1907 డిసెంబరులో పేలుడు జరిగింది. 362 మంది చనిపోయారని లెక్క. అమెరికా గనుల చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు. మీరు మొనొంగా హైస్కూల్లో క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడిగా, ఆడగా మీ టీము రాష్ట్ర చాంపియన్ అయింది 1968లో. అదే ఏడాది నవంబరు 20న పక్కనే ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది పోయారు. తర్వాత మూడు నెలలకి, 1969 ఫిబ్రవరిలో, మీ రాష్ట్రంలో దాదాపు 40 వేల మంది గని కార్మికులు పని ఆపేశారు. బొగ్గు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు నల్లబడిపోతే పరిహారం ఇచ్చే చట్టం కావాలన్నారు. చట్టం వచ్చాకే మళ్లీ గనిలోకి దిగారు. మీరప్పుడు హైస్కూల్ చివరి ఏడాదిలో ఉన్నారు. ‘ఎంత ఇస్తారు, దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు’ అనే ప్రశ్న మీ చుట్టూ ఉన్న ఇళ్లలో అన్నం ముందు కూర్చుని అడిగిన ప్రశ్న. దాన్ని అక్కడెవరూ నీతి తప్పడం అనుకోలేదు.

మా దగ్గరా అంతే. ఏటా దసరా దగ్గర పడుతుంటే సింగరేణి ఊళ్లలో ఏ టీ కొట్టు దగ్గరైనా ఒకటే మాట: ‘ఈసారి ఎంత శాతమంట?’ కంపెనీ లాభాల్లో కార్మికుడికి వాటా ఉంటుంది. 2024లో విస్తరణకి కొంత తీసిపెట్టి మిగిలిన లాభంలో 33 శాతం పంచారు. ఆ వాటా కోసం సంఘాలు కొట్లాడతాయి, మంత్రులు ప్రకటిస్తారు, బట్టల షాపులు దాన్ని చూసుకుని సరుకు దింపుతాయి. శాతం ఎంతని అడిగిన మనిషి మర్నాడు మొదటి షిఫ్టుకి పోవడం మానేయడు. డబ్బు అడిగినవాడికి పని మీద ప్రేమ ఉండదని మా ఊళ్లో అంటే నవ్విపోతారు.

సరే, మీ ఉద్యోగాల జాబితాకి వద్దాం. మీరు చదివింది, ఆడింది ఒహాయోలో కెంట్ స్టేట్‌లో, కోచ్ డాన్ జేమ్స్ దగ్గర. 1970 మే 4న అక్కడి విద్యార్థుల మీద నేషనల్ గార్డు కాల్పులు జరిపినప్పుడు మీరు మధ్యాహ్న భోజనానికి వెళ్లి ఉన్నారు. చనిపోయిన నలుగురిలో ఒకరైన అలిసన్ క్రౌజ్ మీ ఇంగ్లీషు క్లాసులో పిల్ల. 1973లో మీ నాన్నగారు గుండెపోటుతో పోయారు, ఆయనకి 46 ఏళ్లే. కోచింగులోకి రావాలన్న ఆలోచనే మీకు లేదు. టెర్రీ గారి చదువు ఇంకో ఏడాది మిగిలుంది, ఈలోగా నా దగ్గర అసిస్టెంటుగా చెయ్యి అని డాన్ జేమ్స్ అన్నారు. అలా మొదలైంది.

ఆ తర్వాత సిరక్యూస్, వెస్ట్ వర్జీనియా, ఒహాయో స్టేట్, నేవీ, మిషిగన్ స్టేట్, హ్యూస్టన్ ఆయిలర్స్. 1990లో టొలీడోలో మొదటిసారి హెడ్ కోచ్. తొమ్మిది గెలిచారు, రెండు ఓడారు. ఒక్క సీజను కాగానే బిల్ బెలిచిక్ దగ్గరికి, క్లీవ్‌లాండ్‌కి వెళ్లిపోయారు. 1995 నుంచి మళ్లీ మిషిగన్ స్టేట్. 1999 సీజనులో చివరి బౌల్ మ్యాచ్ ఇంకా మిగిలుండగానే లూసియానా స్టేట్‌కి (ఎల్.ఎస్.యు.) వెళ్లారు. అక్కడ 2003 సీజను జాతీయ టైటిల్. 2005లో ప్రొఫెషనల్ టీము మయామీ డాల్ఫిన్స్. 2006 డిసెంబరు 21న విలేకరుల ముందు, నేను అలబామా కోచ్‌గా వెళ్లడం లేదని తేల్చి చెప్పారు. సరిగ్గా రెండు వారాలు తిరక్కుండా, జనవరి 3న, మీరు అలబామా కోచ్. ఎనిమిదేళ్లకి 3 కోట్ల 20 లక్షల డాలర్లు. ఆ ఏప్రిల్లో జరిగింది టీము తనలో తాను రెండుగా చీలి ఆడుకునే ప్రాక్టీసు మ్యాచ్, దానికే 92,138 మంది వచ్చారు.

ఇదంతా మిమ్మల్ని దెప్పడానికి రాయడం లేదు. మీరు చేసిందాంట్లో ఏసారీ తప్పు లేదు. మంచి చోటు దొరికింది, వెళ్లారు. ఎవరైనా వెళ్తారు. మా హైదరాబాదు, విజయవాడ కార్పొరేటు కాలేజీల్లో మంచి ఫిజిక్సు లెక్చరరుని ఎదుటి కాలేజీ వాళ్లు పెద్ద ప్యాకేజీ పెట్టి ఎగరేసుకుపోతారు. పేరున్న ర్యాంకరుని ఫీజు లేకుండా తెచ్చుకుంటారు. వారం వారం పరీక్ష పెట్టి, మార్కులు తగ్గినవాణ్ణి కింది సెక్షనుకి తోస్తారు. ఇంత జరిగాక సారు ప్యాకేజీ గురించి ఎవరూ చెడుగా మాట్లాడరు గానీ, మధ్యలో ఇంకో కాలేజీకి పోతానన్న పిల్లాడి సర్టిఫికెట్లు మాత్రం బీరువాలోంచి బయటికి రావు. మీ లోకం గురించి చదువుతుంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఉదాహరణకి మరీస్ స్మిత్. 2016లో అతను మీ దగ్గర డిగ్రీ పూర్తి చేశాడు. ఆడటానికి ఇంకో ఏడాది అర్హత మిగిలుంది. జార్జియాకి వెళ్లి ఆడతానన్నాడు. అంతకు కొద్ది నెలల ముందే మీ కుడిభుజం కర్బీ స్మార్ట్ జార్జియాకి హెడ్ కోచ్‌గా వెళ్లారు, మీ ఇంకో అసిస్టెంటు మెల్ టక్కర్ కూడా వెళ్లారు. వాళ్లిద్దరినీ ఆపే నియమం లేదు. స్మిత్‌ని మాత్రం మీరు వదలనన్నారు. ఒకే కాన్ఫరెన్సులో, అంటే కాలేజీల లీగులో, ఒక కాలేజీ నుంచి ఇంకోదానికి ఇలా మారడానికి వీల్లేదన్న నియమం ఉంది, అది అందరికీ ఒకలాగే ఉండాలన్నది మీ వాదన. చివరికి ఆగస్టులో కాన్ఫరెన్సే అతనికి మినహాయింపు ఇచ్చింది. పట్టా చేతికొచ్చిన కుర్రాడు ఒక ఊరు మారడానికి వేసవంతా దరఖాస్తులు పెట్టుకోవాల్సి వచ్చింది, సేబన్ గారూ. మీరు మయామీ నుంచి టస్కలూసాకి ఒక విమానంలో వచ్చేశారు.

అలబామాలో మీ మొదటి ఏళ్లలో, ఉన్న సీట్ల కన్నా ఎక్కువమందికి మాట ఇచ్చి, తర్వాత మిగిలినవాళ్లని వైద్య కారణాల స్కాలర్‌షిప్ పేరుతో పక్కన పెడుతున్నారని పత్రికలు రాశాయి. మీరొక్కరే అని కాదు, చాలా చోట్ల ఇదే తంతు. 2011లో కాన్ఫరెన్సు ఏడాదికి 25 మంది కంటే ఎక్కువ తీసుకోవద్దని కట్టడి చేసింది. ఆ కట్టడి కోచ్‌లకి నచ్చలేదు.

ఇంత చెప్పి, మీ ఆట చూసి మురిసిపోలేదంటే అబద్ధమవుతుంది. మీరు ‘ప్రాసెస్’ అన్నదాని గురించి ఈ దేశంలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతున్నారు. అది పుట్టింది 1998లో మిషిగన్ స్టేట్‌లో. ఎదుటి టీము ఒహాయో స్టేట్, అప్పుడు దేశంలో మొదటి ర్యాంకు. మీరు గెలుస్తారని ఎవరికీ ఆశ లేదు. ఆ కాలేజీలోనే సైకియాట్రీ ప్రొఫెసర్ లయొనెల్ రోజెన్ మీకు చెప్పింది ఇది: మ్యాచ్‌లో ఒక్కో ప్లే, అంటే బంతి కదిలి ఆగేదాకా, సగటున ఏడు సెకన్లు ఉంటుంది, ఆ ఏడు సెకన్లు బాగా ఆడమని చెప్పు, స్కోరుబోర్డు వైపు చూడొద్దని చెప్పు. 24-9తో వెనకబడిన టీము 28-24తో గెలిచింది. నాకైతే ఇది ప్రొఫెసర్ గారి దగ్గర కంటే ముందే మీ నాన్నగారి బంకులో మొదలైనట్టు అనిపిస్తుంది. చార కనిపించిన చోట చార తుడువు, మిగతా సంగతి తర్వాత.

మధ్యలో ఒక సరదా మాట. స్కోరు చూడొద్దు, గడియారం చూడొద్దు అని పిల్లలకి చెప్పిన మీరే 2013 నవంబరు 30న ఆబర్న్ మీద గడియారంలో ఒక్క సెకను మిగిలుందని రెఫరీలతో వాదించి, వేయించుకున్నారు. ఆ ఒక్క సెకనులో మీవాడు కొట్టిన ఫీల్డ్ గోల్ అందలేదు. ఆబర్న్ కుర్రాడు క్రిస్ డేవిస్ ఆ బంతి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 34-28. ఆబర్న్ పక్షమైన మా ఎదురింటాయన ఇప్పటికీ నన్ను చూస్తే చూపుడు వేలు పైకెత్తి చూపిస్తాడు. ఒక్క సెకను.

2018 జనవరి 8 రాత్రి మాత్రం నేను మర్చిపోను. అట్లాంటాలో జార్జియాతో ఫైనల్. హాఫ్ టైముకి 13-0తో వెనకబడ్డారు. జేలెన్ హర్ట్స్ రెండు సీజన్లుగా మీ క్వార్టర్‌బ్యాక్, ఓడింది చాలా తక్కువ. అతన్ని కూర్చోబెట్టి, పెద్ద మ్యాచ్ ఎన్నడూ మొదలుపెట్టని మొదటి ఏడాది కుర్రాడు టువా టాగోవైలోవాని దింపారు. స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైములో మొదటి ప్లేలోనే దొరికిపోయి 16 గజాలు వెనక్కి పోయాడు. అందరం తలలు పట్టుకున్నాం. తర్వాతి ప్లేలో అదే కుర్రాడు 41 గజాల దూరం విసిరాడు, డెవాంటా స్మిత్ పట్టుకున్నాడు. 26-23. ఇంత గుండె ధైర్యం ఉన్న కోచ్‌ని నేను చూడలేదు.

ఆ రాత్రి నేను ఎక్కువగా చూసింది హర్ట్స్‌ని. తన చోటు తీసుకున్నవాడు టచ్‌డౌన్ చేసినప్పుడల్లా గీత పక్కన గంతులేశాడు. ఆ ఏడాది మొత్తం రెండోవాడిగా ఉన్నాడు. డిసెంబరు 1న, మళ్లీ అదే అట్లాంటా, అదే జార్జియా. టువాకి దెబ్బ తగిలింది, 28-21తో వెనకబడ్డారు, హర్ట్స్ దిగి 35-28తో గెలిపించాడు. టీవీ వాళ్లు మైకు పెడితే మీ గొంతు పూడుకుపోయింది. ఆ మనిషి డిసెంబరులోనే డిగ్రీ తీసుకుని, ఓక్లహోమాకి వెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో ప్రొఫెషనల్ టీము ఈగల్స్‌కి సూపర్ బౌల్ గెలిపించి, ఆ మ్యాచ్‌లో మేటి ఆటగాడయ్యాడు. మీరే గర్వంగా చెప్పుకుంటారు అతని గురించి. అతను వెళ్లగలిగాడు కాబట్టే ఆ కథ అలా నడిచింది. డిగ్రీ చేతిలో లేకుండా వెళ్లుంటే అప్పటి నియమం ప్రకారం ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి.

ఇంకో రోజు కూడా చెప్పనివ్వండి. 2019 నవంబరు 16, మిసిసిపీ స్టేట్‌తో మ్యాచ్. మీరు 35-7తో ముందున్నారు. మొదటి సగం కూడా ఇంకా అయిపోలేదు. అంతకు నాలుగు వారాల ముందే చీలమండకి ఆపరేషన్ అయిన టువా ఇంకా మైదానంలోనే ఉన్నాడు. ఆ రోజుకి అదే అతని ఆఖరి సిరీస్ కావాల్సింది, తర్వాత బయటికి తీసేద్దామనుకున్నామని మీరే చెప్పారు. ఇద్దరు మీద పడ్డారు, తుంటి ఎముక కీలు తప్పింది. హెలికాప్టరులో బర్మింగ్‌హామ్ ఆసుపత్రికి తెచ్చారు. ఆ మధ్యాహ్నం మా ఇంటి మీదుగా వెళ్లిన ప్రతి హెలికాప్టరునీ మా వీధిలోవాళ్లు బయటికొచ్చి చూశారు. దేవుడి దయ, కోలుకున్నాడు, తర్వాతి ఏడాది డాల్ఫిన్స్ అయిదో పిక్‌గా తీసుకున్నారు. కోలుకోకపోతే? ఆ రోజుకి ఆ కుర్రాడికి పేరు మీద ఒక్క డాలరు సంపాదించే హక్కు కూడా లేదు. అతని పదమూడో నంబరు చొక్కాలు షాపుల్లో వేలాడుతున్నాయి.

మీకు ఆ లెక్క తెలియంది కాదు. 2021 జూలై 1న ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చని నియమం మారింది. ఆ నెలలోనే మీరు, మా క్వార్టర్‌బ్యాక్ ఇంకా ఒక్క మ్యాచ్ మొదలుపెట్టకముందే మిలియన్ డాలర్ల దగ్గరికి వచ్చాడని సంబరంగా చెప్పారు. కొత్త కుర్రాళ్లని రప్పించుకోవడానికి ఆ మాట బాగానే పనికొచ్చి ఉంటుంది. మరుసటి ఏడాది మేలో టెక్సస్ ఎ అండ్ ఎం వాళ్లు ఆటగాళ్లందర్నీ కొనేశారని మీరే మండిపడ్డారు. మీ దగ్గరే పనిచేసి వెళ్లిన వాళ్ల కోచ్ జింబో ఫిషర్ దానికి తిరిగి నోటికొచ్చినట్టు మాట్లాడారు. అదే ఆగస్టులో మీ కాంట్రాక్టు 2030 దాకా పొడిగించారు, మొత్తం 9 కోట్ల 36 లక్షల డాలర్లు.

ఆ ఒప్పందం చేసుకున్నప్పుడు, స్టేడియం ఉన్న టస్కలూసా కౌంటీలోనే బ్రూక్‌వుడ్ దగ్గర దాదాపు 1,100 మంది గని కార్మికులు సమ్మెలో ఉన్నారు. 2021 ఏప్రిల్లో మొదలై 2023లో ముగిసింది. వాళ్లు అడిగింది కూడా ఎంత ఇస్తారనే. మా నాన్న ఫోనులో ఆ సమ్మె గురించి ప్రతి వారం అడిగేవాడు. మ్యాచ్ స్కోరు ఎన్నడూ అడగలేదు.

ఈ తరానికి పని మీద శ్రద్ధ లేదంటారా? రోజ్ బౌల్‌లో మిషిగన్ చేతిలో ఓవర్‌టైములో 27-20తో ఓడిన తర్వాత మీరు ఆటగాళ్లతో మాట్లాడితే, నూటికి డెబ్బై ఎనభై మంది రెండే అడిగారన్నారు: వచ్చే ఏడాది ఆడిస్తారా, ఎంత ఇస్తారు. నాకు నవ్వొచ్చింది. అలబామాకి వచ్చేముందు వాళ్లతో మీ ఏజెంటు మాట్లాడింది వేరే ఏమై ఉంటుంది? టీము పూర్తిగా నా చేతిలో ఉంటుందా, ఎంత ఇస్తారు. మీరు ఏజెంటు చేత అడిగించారు. వాళ్లకి ఆ తెలివి ఇంకా రాలేదు, నేరుగా మీ మొహం మీదే అడిగారు.

మీ చిన్ననాటి స్నేహితుడు జో మాంచిన్, ఆబర్న్ పాత కోచ్ టామీ టూబర్‌విల్ ఇద్దరూ సెనెటర్లుగా 2023 జూలైలో ఒక బిల్లు పెట్టారు. కుర్రాడు మొదటి మూడేళ్లు ఒకే చోట పూర్తి చేస్తేనే జరిమానా లేకుండా కాలేజీ మారొచ్చన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ నియమం కోచ్‌లకి కూడా పెట్టి చూడండి. టొలీడోని మీరు ఏడాదికే వదిలేవారు కాదు. మయామీని రెండేళ్లకే వదిలేవారు కాదు. అలబామాలో ఆరు టైటిళ్లు, అంతకు ముందుది కలిపితే ఏడు, బేర్ బ్రయంట్ రికార్డు దాటిన ఆ ఏడు, వాటిలో ఎన్ని ఉండేవో మీరే లెక్కేసుకోండి.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఆటగాళ్లకి ఆదాయంలో వాటా ఉండాలని మీరు కూడా అన్నారు, అదే వాషింగ్టన్‌లో. 2011 ఏప్రిల్ 27 సుడిగాలి టస్కలూసాని చీల్చేసినప్పుడు మీ ఫౌండేషన్ ఇళ్లు కట్టించింది. అలబామాకి ఎన్ని జాతీయ టైటిళ్లుంటే అన్ని ఇళ్లు అని మొదలుపెట్టి, ఇంకో టైటిల్ వస్తే ఇంకో ఇల్లు కట్టించారు. ఆ ఫౌండేషన్‌కి మీ నాన్నగారి పేరే పెట్టారు. మీరు వచ్చినప్పుడు అలబామా యూనివర్సిటీలో పాతిక వేలు దాటిన విద్యార్థులు, మీరు వెళ్లేనాటికి 40 వేల దగ్గరికి చేరారు. నలభై మందికి పైగా మొదటి రౌండులో ప్రొఫెషనల్ టీములకి వెళ్లారు. ఇవన్నీ మీ పనే. మీ ఒక్కరిదే కాకపోయినా.

అందుకే అడుగుతున్నాను. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం, కాలేజీలు ఇప్పుడు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి గరిష్ఠం 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆ పరిమితి ఎవరు పెట్టారు? ఆటగాళ్ల తరఫున గుర్తింపు పొందిన కార్మిక సంఘం ఏదీ లేదు. 2014లో నార్త్‌వెస్టర్న్ కుర్రాళ్లు సంఘం పెట్టుకోబోతే, మరుసటి ఏడాది జాతీయ కార్మిక బోర్డు ఈ వ్యవహారంలో మేం తలదూర్చం అని పక్కకి తప్పుకుంది. మీరు వాషింగ్టన్‌లో మాట్లాడటానికి వారం ముందే డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 13-2తో సంఘానికి ఓటేశారు. ఏడాది చివరికి ఆ దరఖాస్తూ వెనక్కి తీసుకున్నారు. గనిలో కూలీకి సంఘం లేని రోజులు ఎలా ఉండేవో మీ తాతగారి తరం మీకు చెప్పే ఉంటుంది. మా తాత నాకు చెప్పాడు.

మీరు కాంట్రాక్టు చూసిన మనిషి. కోచ్‌ల కాంట్రాక్టులో మామూలుగా రెండు వైపులా కట్టుబాటు ఉంటుంది. కోచ్ వదిలి వెళ్తే ఇంత కట్టాలి, కాలేజీ తీసేస్తే ఇంత కట్టాలి. అలాంటి కాగితమే ఆ కుర్రాడికీ ఇమ్మనండి. ఊరూరా తిరిగి ఎక్కువ ఇచ్చే చోటికి ప్రతి డిసెంబరూ వెళ్లిపోతున్నారన్న మీ బెంగ సగం దాంతోనే తగ్గుతుంది. అందులో ముందు రాయాల్సింది జీతం అంకె కాదు, ఒంటి సంగతి. ఇరవై ఏళ్ల తర్వాత మోకాలు పనిచేయకపోయినా, తలకి తగిలిన దెబ్బలు అప్పుడు బయటపడినా వైద్యం ఖర్చు ఎవరిది అన్నది. 1969లో మీ రాష్ట్రం గని వాళ్లు పని ఆపి సాధించుకున్నది అదే.

సీజనులో శనివారం పొద్దున మీరు టీవీలో కూర్చుని మాట్లాడుతున్నారు, బాగా మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు కూడా. కోచ్‌గా ఉన్నప్పుడు మీరు నవ్వగా నేను చూసింది తక్కువ. ఈసారి వాషింగ్టన్ వాళ్లు పిలిస్తే ఒక షరతు పెట్టండి. నా పక్క కుర్చీలో ఒక ఆటగాడు కూర్చోవాలని. హర్ట్స్ వద్దు, టువా వద్దు, వాళ్ల బతుకులు గట్టెక్కాయి. నాలుగేళ్లు ప్రాక్టీసులో దెబ్బలు తిని, శనివారం ఒక్కసారి కూడా మైదానంలోకి దిగని మూడో వరస కుర్రాడు ఒకడు మీ పాత జాబితాలో ఉంటాడు. అతని పేరు మీకు గుర్తుంటుందని నాకు నమ్మకం. ముందు అతన్ని మాట్లాడనిచ్చి, తర్వాత మీరు మాట్లాడండి.

ఇట్లు,
బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న ఒక ఇల్లందు మనిషి